రోడ్డు మీద గెలుస్తున్నాం, గదిలో ఓడుతున్నాం
(తెనాలిలో జరిగిన దళిత మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరేగింపు పని మీద పల్లెలు తిరుగుతుంటే అన్నిచోట్లా ఒకటే ప్రశ్న ఎదురైంది. బాపట్ల వైపూ అదే, రేపల్లె వైపూ అదే. "మా అమ్మ నడిచింది, నేనూ నడిచాను. ఏమొచ్చింది టీచరమ్మా?" ఇట్లా అడిగినవాళ్ళకు చైతన్యం లేదని మన కార్యకర్తలు కొందరు విసుక్కుంటున్నారు. విసుక్కోవద్దు. ఒకరోజు నడిస్తే ఒకరోజు కూలి పోతుంది. ఆ కూలితోనే ఆ సాయంత్రం పొయ్యి వెలగాలి. పొయ్యి ఆర్పుకుని వచ్చే మనిషికి లెక్క అడిగే హక్కుంది. ఇవాళ మేము ఆ లెక్కే చెప్పదలిచాం.

తెనాలిలో రైలెక్కి బాపట్ల వైపు పోతే దారిలో చుండూరు. బాపట్ల దాటి పోతే చీరాల, దాని పక్కన కారంచేడు. 1985లో కారంచేడు ప్రకాశం జిల్లా. 1991లో చుండూరు గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక ఆ రెండు ఊళ్ళూ ఒకే కలెక్టరు కిందికి వచ్చినయ్యి. మన నెత్తురు పారిన రెండు ఊళ్ళు ఒకే జిల్లాలో ఉన్నాయన్న సంగతి కొత్త జిల్లా సంబరాల్లో ఎవరూ అనగా మేము వినలేదు. తెనాలి మాత్రం గుంటూరు జిల్లాలోనే మిగిలింది. కాబట్టి మన అర్జీలు ఇద్దరు కలెక్టర్లకు పోవాలి. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాం దీని దగ్గరికి.

కారంచేడు గొడవ ఎక్కడ మొదలైంది? మంచినీళ్ళ చెరువు దగ్గర. మాదిగపల్లె తాగే నీళ్ళలో గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే ఇదేమిటని అడిగారు. కొట్టబోతే మున్నంగి సువార్త నీళ్ళకొచ్చిన బిందె ఎత్తింది. మర్నాడు, 1985 జూలై 17న, పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళను చెరిచారు. పల్లె మొత్తం చీరాలకు చేరి శిబిరంలో తలదాచుకుంది. ఆ శిబిరం నుంచి పుట్టిన ఊరేగింపులే రాష్ట్రాన్ని కదిలించినయ్యి. దళిత మహాసభ అక్కడే ఊపిరి పోసుకుంది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటి నాయకులు ముందుకొచ్చారు. వాళ్ళ మీద మాకు గౌరవం. కానీ ఆ పోరాటం మొదటి దెబ్బ ఒక ఆడమనిషి చేతిలో బిందె. దాని తర్వాత ముఖ్య సాక్షి దుడ్డు అలీసమ్మను చంపేశారు. ఆడమనిషి మొదలుపెట్టిన పోరాటానికి ఆడమనిషి సాక్ష్యమే ప్రమాదమని శత్రువుకు తెలిసినంత మనకు తెలియలేదా అని అడుగుతున్నాం.

1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. కారంచేడు ఊరేగింపులు లేకపోతే అది అప్పుడు వచ్చేది కాదని మా నమ్మకం. ఇది మొదటి జమ. కేసు మాత్రం సుప్రీంకోర్టు దాకా పోయి 2008 డిసెంబరులో తేలింది. ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు. ఇరవై మూడేళ్ళు పట్టింది.

ఇక చుండూరు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. మన లెక్క అంతా ఈ ఊళ్ళోనే ఉంది.

1991 జూలైలో సినిమా హాల్లో కాలు తగిలిందని గొడవ. చదువుకున్న మాలపిల్లవాడు పైకులం వాళ్ళ వరసలో టిక్కెట్టు కొనుక్కుని కూర్చోవటమే అసలు నేరం. మాలపల్లెను వెలివేశారు. వెలి అంటే ఏమిటో పేపర్లో ఒక్క ముక్కలో రాస్తారు. పొలంలోకి పిలవరు. అరువిచ్చే కొట్టువాడు తల తిప్పుకుంటాడు. గడ్డికి గట్టు మీదికి పోయినా తిట్లు. మగవాడు పక్కూరికి పనికి పోతే, పల్లెలో మిగిలి పిల్లలకు ఇంత ముద్ద పెట్టాల్సింది ఆడమనిషి. నెలరోజులు ఆ వెలిని మోసింది ఎక్కువగా వాళ్ళే.

ఆగస్టు 6న పోలీసులు ఊళ్ళో ఉండగానే మనవాళ్ళను పొలాల్లోకి తరిమి నరికారు. ఎనిమిది మంది. శవాలను గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. మిగిలినవాళ్ళు ఇదే తెనాలికి వచ్చి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో శిబిరం పెట్టారు. మీలో పెద్దవాళ్ళు కొందరు ఆ శిబిరానికి బియ్యం మోసినవాళ్ళే. శవాలను ఊరి నడుమ పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరులో, పోలీసు కాల్పుల్లో కొమ్మెర్ల అనిల్ కుమార్ చనిపోయాడు. అప్పటి ఊరేగింపుల్లో మొగుణ్ణి పోగొట్టుకున్నవాళ్ళు, కొడుకును పోగొట్టుకున్నవాళ్ళు ముందు వరసలో నడిచారు.

అప్పుడు మనవాళ్ళు ఒక డిమాండు పెట్టారు. కోర్టు మా ఊరికి రావాలి అన్నారు. నవ్వినవాళ్ళు ఉన్నారు. కోర్టు ఊరికి రావటం ఏమిటి, ఊరే కోర్టుకు పోవాలి గానీ అని. కానీ సాక్ష్యం చెప్పే ఆడమనిషి వైపు నుంచి చూడండి. వాయిదాకి పోవాలంటే బస్సు చార్జీ కావాలి. చంటిపిల్లను ఎవరి దగ్గర వదలాలి? కోర్టు వరండాలో ముద్దాయిల మనుషుల మధ్యే నిలబడాలి. "ఇవాళ జడ్జిగారు సెలవు" అంటే ఆ రోజు కూలీ పోయె, సాక్ష్యమూ లేకపాయె. ఇట్లా పదిసార్లు తిప్పితే పదకొండోసారి ఎవరొస్తారు? కాబట్టి కోర్టు ఊరికి రావటమంటే ఆడవాళ్ళ నోరు తెరుచుకోవటం. ఏళ్ళ తరబడి పోరాడి సాధించారు. నేరం జరిగిన ఊళ్ళోనే స్పెషల్ కోర్టు కూర్చుంది. ఈ దేశంలో అది కొత్త సంగతి. మొగుణ్ణి చంపినవాళ్ళ ఎదుట, అదే ఊళ్ళో, బోనెక్కి మాట్లాడటం ఎంత ధైర్యమో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2007 జూలై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష.

ఇది రోడ్డు మీద మనం గెలిచింది.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ప్రాసిక్యూషన్ నేరం రుజువు చేయలేకపోయిందన్నది. దాని మీద సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్ళింది. చుండూరు కోర్టులో జడ్జి ఎదుట మనిషి నిలబడింది, ఆమె కళ్ళు, ఆమె గొంతు జడ్జికి తెలిసినయ్యి. పైకోర్టు గదిలో ఆమె లేదు. ఆమె మాట కాగితం మీద ఉంది. ఆ కాగితం మొదటిరోజు పోలీసు రాసుకున్నదాన్ని బట్టి నిలుస్తుంది, లేకపోతే పడుతుంది.

ఇప్పుడు రెండో ఊరేగింపు సంగతి. ఇది మన ఒక్కరిదే కాదు, అన్ని కులాల పేద ఆడవాళ్ళదీ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా కొట్టు మూయించారు. రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. అక్షరాలు నేర్పటానికి పోయిన రాత్రిబడి పుస్తకంలో సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళ కథ ఉంది. చదువు నేర్చుకున్నవాళ్ళు చదివి ఊరుకోలేదు, చేసి చూపించారు. (బడిపంతుళ్ళం కాబట్టి ఇది చెప్పేటప్పుడు మాకు కాస్త గర్వం, ఏమనుకోవద్దు.) ప్రభుత్వం 1980లలో వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో పోసి గూడెం గుమ్మం దాకా పంపింది. ఆ ప్రభుత్వానికి సారా వేలంపాట అంటే ఖజానా. ఆడవాళ్ళు వేలంపాటలనే అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో రామారావు గారు సంపూర్ణ మద్యనిషేధం మాట ఇచ్చి గెలిచారు. 1995 జనవరిలో చట్టమూ వచ్చింది. ఆడవాళ్ళ నడకకు ప్రభుత్వమే మారింది.

1997లో నిషేధం ఎత్తేశారు. ఎత్తేసేటప్పుడు రోడ్డు మీద ఎవరినీ అడగలేదు. రాబడి తగ్గిందని ఒక గదిలో కూర్చుని తేల్చారు. ఆ గదిలో రోసమ్మ లేదు.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. నడిచినప్పుడు గెలిచాం. ఇళ్ళకు పోయి నాట్లలో పడ్డాక, తలుపులు మూసిన గదిలో పోగొట్టుకున్నాం. కాబట్టి "నడిస్తే ఏమొచ్చింది" అన్న అక్కకు మా జవాబు: వచ్చింది, దాన్ని నిలబెట్టుకునే చోట మనం లేం.

ఈ సంగతి మన అమ్మమ్మల నాడే తెలిసినవాళ్ళు ఉన్నారు. ఈ తెనాలిలో రణరంగ చౌక్ తెలియని పిల్ల లేదు. 1942 ఆగస్టు 12న తెల్లవాడి పోలీసులు కాల్చి ఏడుగురిని చంపిన చోటు. తెలియాల్సిందే. కానీ దానికి మూడు వారాల ముందు, అదే జూలైలో, నాగపూర్‌లో వేలమంది దళిత స్త్రీలు మహాసభ జరిపారు. సులోచనాబాయి డోంగ్రే అధ్యక్షత. బాబాసాహెబ్ వచ్చి మాట్లాడాడు. విడాకుల హక్కు కావాలన్నారు, ఇద్దరు పెళ్ళాల ఆచారం పోవాలన్నారు, మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళకు సెలవులు కావాలన్నారు, చట్టసభల్లో సీట్లు కావాలన్నారు. 1942లో! పార్లమెంటు స్త్రీలకు మూడోవంతు సీట్ల చట్టం చేసింది 2023లో. అదీ జనాభా లెక్కలు, నియోజకవర్గాల విభజన అయ్యాకే అమలని అందులోనే రాసుకుంది. ఈ నాగపూర్ సంగతి మా పిల్లలకు మేమే నోటితో చెప్పుకుంటున్నాం.

సీటు ఒక్కటే వస్తే సరిపోతుందా అంటే, అదీ చూశాం. మన బాపట్ల నుంచి 2004లో దగ్గుబాటి పురంధేశ్వరి, 2009లో ఎస్సీ రిజర్వుడు అయ్యాక పనబాక లక్ష్మి పార్లమెంటుకు వెళ్ళారు. ఇద్దరూ కేంద్రమంత్రులయ్యారు. ఆడమనిషి ఢిల్లీలో మంత్రి అయినందుకు అమర్తలూరులో నాటుకూలి పెరగలేదు. ఆ కుర్చీకి పంపిన పార్టీ చెప్పిందే ఆ కుర్చీ వింటుంది. పంచాయతీల్లో 1993 నుంచి మూడోవంతు, 2011 చట్టంతో సగం సీట్లు ఆడవాళ్ళవి. అయినా సర్పంచి గారెవరంటే ఆమె భర్త తువాలు దులుపుకుని లేస్తాడు. మనవాళ్ళలో అయితే ఆ భర్త వెనక పెద్దరైతు ఒకడు నిలబడి ఉంటాడు.

అన్నలకు కోపం వచ్చినా ఇంకో మాట. మన సభల్లోనే వేదిక మీద కుర్చీలు ఎవరివి? మన ఆడవాళ్ళు కింద పట్టాల మీద. జనం నిండుగా కనపడాలి కాబట్టి ఫోటో తీసేటప్పుడు మాత్రం ముందుకు రమ్మంటారు. ఇంటికి పోయాక తాగి కొట్టినవాడు పొద్దున మళ్ళీ ఆత్మగౌరవ నినాదం ఇస్తాడు. అగ్రవర్ణాల వాడి చేతిలో దెబ్బ అత్యాచారం, మనవాడి చేతిలో దెబ్బ సంసారమా? ఈ ఊరేగింపులో ఆ నినాదం కూడా ఉంటుంది. ఇష్టంలేనివాళ్ళు వేరే రోజు నడవండి.

ఇప్పుడు పని మాటలు. గదులు ఏవో తెలుసుకుందాం.

అత్యాచారాల చట్టం కింద 1995 నియమాలు ఉన్నాయి. వాటి ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన విజిలెన్స్ కమిటీ ఉండాలి. మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. అందులో మనవాళ్ళు సభ్యులుగా ఉండాలి. డివిజన్ స్థాయిలోనూ కమిటీ ఉండాలి. బాపట్లలో, గుంటూరులో ఆ కమిటీలు ఈ ఏడాది ఎన్నిసార్లు కూర్చున్నాయి, ఎవరు సభ్యులు, అందులో కూలిపని చేసే ఆడవాళ్ళు ఎందరు, ఈ మూడూ రాసి ఇవ్వమని అడుగుదాం. ఇద్దరు కలెక్టర్లకు రెండు అర్జీలన్నది ఇందుకే.

అవే నియమాల్లో ఇంకోటి ఉంది, చాలామందికి తెలియదు. ఈ కేసుల్లో విచారణకు, కోర్టుకు పోయే బాధితులకు, సాక్షులకు దారిఖర్చు ఇవ్వాలి. పోయిన ఒక్కోరోజుకు కనీసవేతనానికి తక్కువకాని భత్యం ఇవ్వాలి. ఆడమనిషి తోడు తెచ్చుకుంటే ఆ తోడుకూ ఖర్చు ఇవ్వాలి. ఇది దయ కాదు, నియమం. ఎవరెవరికి రావాలో పల్లెవారీగా జాబితా రాయండి. చుండూరు ఆడవాళ్ళు కోర్టు ఊరికి రావాలని ఎందుకు అడిగారో ఆ జాబితా రాసేటప్పుడు మీకే అర్థమవుతుంది.

కేసు పెట్టినప్పుడు ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు చేసేది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. చెప్పింది చెప్పినట్టు రాశారో లేదో చదివించుకోకుండా వేలిముద్ర వేయొద్దు. పక్కన చదువుకున్న మన పిల్ల ఒకతి ఉండాలి. పైకోర్టు గదిలో మన తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

రేపల్లె వాళ్ళు మరిచిపోలేదు. 2022 మే 1 తెల్లవారుజామున మీ రైల్వే స్టేషన్‌లో, కూలిపనికి పోతూ పిల్లలతో నిద్రపోయిన వలస తల్లి మీద సామూహిక అత్యాచారం జరిగింది. బస్సులేక స్టేషన్‌లో పడుకున్నందుకు. నాట్లకు, మినుము పీకటానికి ఊళ్ళు దాటి పోయేవాళ్ళం మనమే. రాత్రి దిగే స్టేషన్లలో, బస్టాండుల్లో ఆడవాళ్ళకు తలుపున్న గది, లైటు, కాపలా కావాలని మూడో అర్జీ. ఇది రైల్వే వాళ్ళకూ పోవాలి.

చివరిగా రోజు సంగతి. నాట్ల వారంలో పెట్టొద్దని ముఠామేస్త్రీలు చెప్పారు, ఒప్పుకున్నాం. ప్రతి పల్లె నుంచి ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు ఇవ్వాలి. వాళ్ళు ఊరేగింపు అయ్యాక ఇంటికి పోరు, అర్జీతో పాటు లోపలికి పోతారు. కలెక్టరు "ప్రతినిధులు ఐదుగురు రండి" అంటే ఆ ఐదుగురూ ఆడవాళ్ళే. అన్నలు బయట చెట్టుకింద కూర్చుని మంచినీళ్ళు, మజ్జిగ చూసుకుంటారు. పేర్లు ఇవాళే రాసుకుంటున్నాం, బల్ల దగ్గరికి రండి.