తంజావూరు కోటలో ఒక తాటియాకు
(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. రైల్వేలో గుమాస్తాను. చదివినది మెట్రిక్యులేషన్ వరకే. మొన్న సంక్రాంతి సెలవులలో పిల్లలిద్దరినీ వెంటబెట్టుకొని తంజావూరు రాజప్రాసాదము చూచి వచ్చాను. అక్కడ కలిగిన ఒక సంతోషమును, ఒక సిగ్గును మీకు మనవి చేసుకొంటాను.

తంజావూరు మనకు రైలులో గంట ప్రయాణము. పెద్దగుడికి పోనివారు మనలో లేరు. స్వామిని చూచుకొని మధ్యాహ్నపు బండికి తిరిగి వచ్చేస్తాము. ఆ గుడికి రెండు మైళ్ళలోపుననే మన వాళ్ళ కోట వున్నదని మాత్రము తలచుకోము. ఆ కోటను కట్టడము ప్రారంభించినది తెలుగు నాయకరాజులు. సేవప్ప, అచ్యుతప్ప, రఘునాథ, విజయరాఘవ నాయకులు వరుసగా ఏలినారు. 1673లో మధుర సైన్యము చేతిలో విజయరాఘవుడు మరణించగా ఆ రాజ్యము ముగిసినది. పిమ్మట శివాజీ తమ్ముడు ఏకోజీ వచ్చినాడు. మరాఠా రాజులు కోటను పెంచి, 1855 వరకు అక్కడనే వున్నారు.

నాయకుల కొలువుకూటము నేడు ప్రదర్శనశాల. 1951లో దానిని స్థాపించినారు. వేదికమీద శరభోజి మహారాజుగారి తెల్ల చలువరాతి విగ్రహము చేతులు జోడించి నిలిచి వున్నది. తెలుగు రాజుల కొలువులో మరాఠా రాజు నమస్కారము పెడుతున్నాడు! అక్కడి కంచు విగ్రహములలో తిరువెంగాడులో దొరికిన వృషవాహన స్వామి ఒకడు. 1011 నాటి వాడు. స్వామి చేయి ఎద్దుమీద ఆనించినట్లున్నది. ఎద్దు మాత్రము లేదు. మా అమ్మాయి తదేకముగా చూచి, “నాయనా, స్వామి దేనిమీద ఆనుకొన్నాడు?” అని అడిగినది.

పక్కనే సరస్వతీ మహల్ గ్రంథాలయము. రఘునాథ నాయకుడు స్వయముగా కవి. చేమకూర వేంకటకవి విజయవిలాసమును ఆయనకే అంకితమిచ్చినాడు. విజయరాఘవుడు యక్షగానములు వ్రాసినాడు. ఆయన కొలువులోని రంగాజమ్మ మన్నారుదాస విలాసము వ్రాసినది. నాయకులు పోయినారు గనుక తెలుగు కూడ పోవలసినదే గదా? పోలేదు. మరాఠీ ఇంటిభాషగా గల శహాజీ, తమిళదేశములో కూర్చుండి, తెలుగున యక్షగానములు రచించినాడు. శరభోజి గ్రంథములను భద్రపరచి, ఇంకెన్నో సేకరించి చేర్చినాడు. 1918లో ఆ గ్రంథాలయము ప్రజలకు తెరువబడినది. వందలకొద్దీ తెలుగు తాళపత్ర గ్రంథములు అక్కడ వున్నవి. ఇది నా సంతోషము.

ఇక సిగ్గు. అద్దాల పెట్టెలో ఒక తాటియాకు వున్నది. మేము తెలుగు మాట్లాడుకొనుట విని, కాపలా వున్న తమిళ పెద్దాయన దగ్గరకు వచ్చి, “మీ భాషే గదా సార్, ఏమి వ్రాసి వున్నదో చదివి చెప్పండి” అని ఆశగా అడిగినాడు. వంగి చూచాను. మొదటి ‘శ్రీ’ ఒక్కటి తెలిసినది. తక్కినదంతా చీమలబారు. అమ్మాయి నా ముఖము చూచి, “నాయనా, నీకు తెలుగు చదవను వచ్చునంటివే?” అన్నది.

అది పాత లిపి, మాటకూ మాటకూ ఎడము లేక వ్రాస్తారు అని ఏదో చెప్పినాను. అది అబద్ధము కాదు. కాని అచ్చు పుస్తకమైనా నేను తెరచి ఎన్నేండ్లయినది? వంటింటిలో తెలుగు, వీధిలో తమిళము, ఆఫీసులో ఇంగ్లీషు. తమిళము మనకు అన్నము పెట్టిన భాష, దానిని పిల్లలు చక్కగా నేర్వవలసినదే. కాని మా పిల్లలకు తెలుగు అక్షరమే రాదు. ఆ తప్పు బడిది కాదు, నాది. తిరుగు బండిలో కూర్చున్నంతసేపు, ఎద్దు లేని ఆ చేయి కండ్లముందు మెదలినది.

తంజావూరు జిల్లాలోనే మేలట్టూరు వున్నది. అక్కడివారు ఏటేటా నరసింహ జయంతి వేళ వేంకటరామశాస్త్రిగారి ప్రహ్లాద చరిత్రను తెలుగులోనే భాగవతమేళముగా ఆడుతారు. వారూ మనవలెనే తమిళదేశములో పుట్టి పెరిగినవారు. కోటలోని తెలుగును అద్దాల పెట్టె కాపాడుతున్నది. మేలట్టూరి తెలుగును మాత్రము తాతనుంచి మనుమడు నేర్చుకొని కాపాడుతున్నాడు. రెండూ కావలెను. కాని మొదటిదానికి ప్రభుత్వమున్నది. రెండవదానికి మనము తప్ప దిక్కు లేదు.

కనుక నా మనవి ఒక్కటే. మన సంఘము గదిని ప్రతి ఆదివారము ఒక గంట తెరచి వుంచండి. ఒక నల్లబల్ల, ఒక పెద్దబాలశిక్ష చాలును. మా పిల్లలిద్దరినీ తెస్తాను. వారి పక్కన నేనూ కూర్చుంటాను. వచ్చే ఉగాదికి ఈ వేదికమీద పంచాంగము ఒక పేజీ అయినా మా అమ్మాయి చేత చదివిస్తాను. తడబడితే పెద్దలు దిద్దండి.