సర్పగంధ వేరు: బెరడే బంగారము

పంచాయతీ సభ్యులారా,

తూర్పు కనుమల అడవులలో పెరుగు సర్పగంధను మీలో పలువురు ఎరుగుదురు. దీని వేరు రక్తపుపోటును తగ్గించునని 1949లో బొంబాయి వైద్యులు డాక్టరు రుస్తుం జాల్ వకీల్ గారు ప్రపంచమునకు చాటిరి. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు అందుండి రిసర్పిన్ అను మందును విడదీసిరి.

మేము మనవి చేయునది ఒక్కటే. ఈ మందులో అధిక భాగము వేరు నడిమి కట్టెలో లేదు, పై బెరడులో ఉన్నది. వేరు నున్నగా కనబడవలెనని బెరడు గీకినచో, మందును పారవైచి కట్టెను అమ్ముకొన్నట్లే గదా! మన్ను వదలునంతవరకే మెల్లగా కడుగుడు. వెలుతురు సోకినకొలది రిసర్పిన్ క్షీణించును. కావున గాలి వీచు నీడలో ఆరబెట్టుడు. తడి మిగిలినచో బూజు పట్టును. బాగుగా ఎండిన వేరును చీకటిగల పొడిచోట నిలువచేయుడు. ఇందుకై గ్రామమునకొక ఉమ్మడి పందిరి వేసిన చాలును.

వైద్యుని సలహాలేక ఈ వేరును ఎవరును తినరాదు. మోతాదు మించినచో రక్తపుపోటు ప్రమాదకరముగా పడిపోవును, మనస్సు క్రుంగును.

వేరు పెకలించిన మొక్క బ్రతుకదు. కావున అడవిని త్రవ్వక, చేలలో పెంచుకొనుటకు రైతులను ప్రోత్సహింపుడని మా ప్రార్థన.