పాత పెద్దబండి: కొనుట, పోషించుట

ఏనుగు బ్రతికినను వెయ్యి, చచ్చినను వెయ్యి అని మనవారు చెప్పుదురు. మోటారు బండ్లలో ఏనుగువంటి బండి విషయమున ఈ సామెత సరిగా వర్తింపదు. క్రొత్తలో ఎనభై లక్షలు పలికిన బండి ఎనిమిదేండ్లకు ఇరవై లక్షలకు దిగవచ్చును. దాని మేత మాత్రము ఎనభై లక్షల బండి మేతగానే నిలిచిపోవును. ఈ ఒక్క సంగతిని మేము కొనుటకు ముందు తెలిసికొనలేదు, కొన్న తరువాత తెలిసికొంటిమి. అట్లు తెలిసినదానిని శ్రోతలతో పంచుకొనుటకే ఈ ప్రసంగము.

నాలుగు చక్రములకును ఇంజను బలము, నేలకు ఎత్తుగా నిలిచిన దేహము, లోపల మెత్తని తోలు ఆసనములు – ఇవి మూడును ఒకచోట చేరిన బండిని నేడు లగ్జరీ ఎస్.యు.వి. అని వ్యవహరించుచున్నారు. ఈ జాతికి మూలము పొలములోనే కలదు. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనమున బ్రిటిషువారు తొలిసారి చూపిన ల్యాండ్ రోవరు సేద్యపు పనులను దృష్టియందుంచుకొని చేసిన బండి. 1970లో అదే పరంపరలో రేంజ్ రోవరు వెలువడినప్పుడు సైతము లోపలి భాగమును నీళ్ళతో కడుగుకొనుటకు వీలుగనే నిర్మించిరి. తోలు ఆసనములును, చెక్క నగిషీలును పిమ్మట వచ్చి చేరినవి. నేడు జర్మనీ, జపాను, స్వీడను దేశముల సంస్థలు కూడ ఇట్టి బండ్లను చేయుచున్నవి. ల్యాండ్ రోవరు 2008లో మన టాటా మోటార్సువారి అధీనమునకు వచ్చినది. దుక్కిటెద్దు బలమును పల్లకి సుఖమును ఒక్క దేహమున ఇమడ్చవలె నన్నచో యంత్రము జటిలము కాక తప్పదు. కాలము గడచినకొలదియు ఆ జటిలత్వమే ఖర్చుగా మారును.

దీనికి మంచి నిదర్శనము గాలి సస్పెన్షను. సాధారణపు బండిలో చక్రమునకును దేహమునకును నడుమ ఇనుప స్ప్రింగు ఉండును. ఈ పెద్దబండ్లలో పెక్కింట ఆ స్ప్రింగునకు బదులు రబ్బరు సంచి యుండును. ఒక చిన్న కంప్రెసరు ఆ సంచులలోనికి గాలి నింపును. ప్రతి మూలయందును ఎత్తును కొలుచు సెన్సారు కలదు. వాల్వులు ఏ సంచికి ఎంత గాలి పోవలెనో నిర్ణయించును. రహదారిపై బండి క్రుంగి నడచును, గతుకులబాటలో లేచి నడచును. సుఖమునకు ఇంతకంటె మంచి ఏర్పాటు లేదు. కాని రబ్బరు రబ్బరే. ఎండకు, దుమ్ముకు, వయస్సుకు అది పగుళ్ళు వారును. సన్నగా గాలి పోవుట మొదలైనచో కంప్రెసరు ఆ లోటు తీర్చుటకై మాటిమాటికి తిరిగి, వేడెక్కి, చివరకు కాలిపోవును. అనగా సంచి రోగము కంప్రెసరు ప్రాణము మీదికి వచ్చును.

మేము 2023 ఏప్రిలులో, 2015వ సంవత్సరపు డీజెలు బండి నొకదానిని హైదరాబాదులో ఒక వ్యాపారి వద్ద 22 లక్షలకు కొని విజయవాడకు తెచ్చుకొంటిమి. అది ఏ సంస్థ బండియో చెప్పుట అనవసరము. ఈ కథ ఏ సంస్థ బండికైనను పట్టగలదు. కొనుటకు కారణము మా తల్లిగారి మోకాళ్ళు. చిన్న కారులో దిగి కూర్చుండుట, తిరిగి లేచుట ఆమెకు ప్రాణాంతకముగా నుండెడిది. ఈ బండి యాసనము ఆమె నడుము ఎత్తున నున్నది. ఒక మీట నొక్కినచో బండియే కొంత వంగి ఎక్కించుకొనును. ఆ సౌకర్యమును చూచి మేము తక్కినది చూడలేదు. మేము వెళ్ళుసరికే వ్యాపారి ఇంజనును ఆడించి యుంచెను. బండి నాలుగు మూలలును సమముగా నిలిచి మిసమిసలాడుచుండెను.

ఏడు నెలల తరువాత సస్పెన్షను దీపము వెలిగినది. ఆర్పి వేసినచో పోవుచున్నది గదా యని మూడు వారములు ఉపేక్షించితిమి. ఒకనాటి తెల్లవారుజామున తల్లిగారిని వైద్యుని వద్దకు తీసికొనిపోవలసి యుండగా, బండి ముందరి భాగము నేలకు వ్రాలి, మోకరిల్లిన ఒంటెవలె నుండెను. ఇంజను వేసినను లేవలేదు. ఆమె ఆటోలో పోయినది. మెకానిక్కు సంచులపై సబ్బునీరు చల్లి చూపెను. సైకిలు ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచినప్పుడు వలెనే బుడగలు వచ్చినవి. మొదట సంచులు మాత్రమే మార్పించియున్నచో 1,60,000 రూపాయలతో పోయెడిది. మా ఉపేక్షకు మరొక లక్ష, కంప్రెసరు రూపమున, చెల్లించుకొంటిమి.

ఆ మొదటి సంవత్సరపు లెక్కను దాపరికము లేకుండ చెప్పెదము. సంచులు, కంప్రెసరు 2,60,000. నాలుగు టైర్లు 1,30,000. బ్రేకు డిస్కులు, ప్యాడ్లు 85,000. ఆయిళ్ళు, ఫిల్టర్లతో సర్వీసు 55,000. మరమ్మతుల క్రిందనే 5,30,000 రూపాయలు. బీమా 60,000. పదివేల కిలోమీటర్లకు, లీటరుకు తొమ్మిది కిలోమీటర్ల చొప్పున, డీజెలు సుమారు 1,08,000. మొత్తము 6,98,000. కిలోమీటరు ఒక్కింటికి డెబ్బది రూపాయలు. ఆ యేడాదిలో బండి వెల తగ్గిన నష్టము ఇందులో చేరలేదు.

ఈ ధనము ఎక్కడనుండి వచ్చినది? 2024 జనవరిలో తల్లిగారి మోకాలి శస్త్రచికిత్సకై ఉంచిన సొమ్ము నుండి వచ్చినది. చికిత్స సెప్టెంబరుకు వాయిదా పడినది. ఆ ఎనిమిది నెలలును ఆమె గోడ పట్టుకొని మెట్లెక్కెను. ఒకనాడు మాత్రము నవ్వుచు, "బండి మోకాళ్ళు బాగుచేయించారు గదా నాయనా, ఇక నా మోకాళ్ళ సంగతి ఎప్పుడు?" అని యడిగెను. ఆమె నిష్ఠూరమాడలేదు. అయినను ఆ మాటకు మేము జవాబు చెప్పలేకపోతిమి.

కావున మొదటి సూత్రమిది: బండి వెలలో కనీసము నాల్గవవంతు సొమ్మును విడిగా నుంచుకొనలేనివారు ఇట్టి బండిని కొనరాదు. ఆ సొమ్ము మరి దేనికిని ఉద్దేశించినది కాకూడదు.

రెండవది, పరీక్ష. బండిని చల్లగా నున్నప్పుడు చూడవలెను. మీరు వచ్చులోపల ఇంజను వేయవద్దని ముందే చెప్పవలెను. చక్రపు నడిబొడ్డు నుండి పై రేకు అంచు వరకు నాలుగు మూలలను టేపుతో సాయంకాలము కొలిచి, రాత్రి కదల్చక యుంచి, ఉదయము మరల కొలువవలెను. ఒక మూల స్పష్టముగా క్రుంగినచో అక్కడ గాలి పోవుచున్నదన్నమాట. స్వతంత్రుడైన మెకానిక్కును వెంటబెట్టుకొని, కంప్యూటరు స్కానరుతో లోపముల జాబితా తీయించవలెను. సర్వీసు చరిత్రను ఛాసిస్ నంబరుతో సరిచూచినచో మీటరు త్రిప్పిన సంగతి కూడ బయటపడవచ్చును. ఆటోమాటిక్ గేరు బాక్సులో ఆయిలు జీవితకాలము మన్నునని చెప్పువారు కలరు. కాని ఈ గేరు బాక్సులను పెక్కు సంస్థలకు చేసియిచ్చు జర్మనీ దేశపు జడ్.ఎఫ్. సంస్థయే 80,000 నుండి 1,20,000 కిలోమీటర్లకు గాని, ఎనిమిదేండ్లకు గాని దానిని మార్చుమని చెప్పుచున్నది.

వరదనీటిలో మునిగిన బండ్ల విషయమున మన ప్రాంతమువారు మరింత జాగరూకులై యుండవలెను. 2020 అక్టోబరులో హైదరాబాదునందును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడయందును ఎన్నియో కార్లు మునిగినవి. ఖరీదైన బండ్లలో బ్యాటరీయు, కంట్రోలు పెట్టెలును ఆసనముల క్రిందను, నేలభాగమునను ఉండుట కలదు. నీరు తగిలిన తీగెలు నెలల తరువాత చెడును. సీటు బెల్టును చివరివరకు లాగి చూడుడు. బురదగీత యుండిన అక్కడ కనబడును. తివాచీని ఎత్తి వాసన చూడుడు. ఆసనముల పట్టాలపై తుప్పును గమనించుడు.

మూడవది, కాగితములు. 2014 జూను 2 తరువాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వేర్వేరు రాష్ట్రములు గనుక, హైదరాబాదు బండిని విజయవాడయందు స్థిరముగా నుంచుకొనవలెనన్నచో ఎన్.ఓ.సి. అవసరము. దానికి 28వ ఫారము. అమ్మకమును తెలుపుటకు 29, యాజమాన్యపు మార్పునకు 30, అప్పు తీరినట్లు చూపుటకు 35. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, వేరొక రాష్ట్రమున పండ్రెండు నెలలకు మించి యుంచిన బండికి అక్కడి రిజిస్ట్రేషను గుర్తును పొందవలెను. అక్కడి పన్నును కూడ లెక్కలో నుంచుకొనవలెను. అమ్మినవారికిని ఇందు ప్రమాదము కలదు. రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారినే యజమానిగా భావింపవలెనని 2018లో సుప్రీం కోర్టు ఒక ప్రమాదపు వ్యాజ్యమున తీర్పు చెప్పినది. బండి చేతులు మారి పేరు మారకున్నచో, ఎవరో చేసిన ప్రమాదమునకు పాత యజమాని బాధ్యుడు కావలసివచ్చును.

ఢిల్లీ నుండి వచ్చు డీజెలు బండ్లు మరింత చౌకగా కనబడును. అచ్చట పదేండ్లు దాటిన డీజెలు బండ్లను తిరుగనీయరాదని జాతీయ హరిత ట్రిబ్యునలు 2015లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీం కోర్టు 2018లో బలపరచినది. 2025లో మరల ఆ విషయము కోర్టు ముందుకు వచ్చినది. చౌకకు కారణము బండి లోపము కాక చట్టమే కావచ్చును. అయినను ఎన్.ఓ.సి. చేతికి రాకమునుపు సొమ్ము ఇచ్చుట తగదు. ఇంకొకటి: 2025 సెప్టెంబరు 22 నుండి క్రొత్త పెద్దబండ్లపై పన్ను, సెస్సుతో కలిపి నూటికి 50 నుండి 40కి దిగినది. క్రొత్తదాని వెల తగ్గినప్పుడు పాతదాని వెలయు తగ్గవలెను గదా! బేరమాడునప్పుడు ఈ మాట మరువరాదు.

ఇక నడుపుట. 2020 ఏప్రిలు నుండి వచ్చిన బి.ఎస్.6 డీజెలు బండ్లలో మసిని పట్టు ఫిల్టరు కలదు. అది మసిని కాల్చుకొనుటకు ఎడతెగని వేడి కావలెను. బడికి, బజారుకు మాత్రమే తిరుగు బండిలో అది మూసికొనిపోవును. నగరమున రోజుకు ఐదారు కిలోమీటర్లు తిరుగువారికి డీజెలు పెద్దబండి తగదు. ఆయిలును పుస్తకములో చెప్పినదానికంటె ముందే మార్చుట మేలు. దీపము వెలిగిననాడే షెడ్డుకు పోవలెను. విడిభాగముల నన్నింటిని షోరూములోనే కొననవసరము లేదు. తయారుచేసి యిచ్చు సంస్థలు అదే వస్తువును తమ పేరుతో తక్కువకు అమ్ముట కలదు. కాని బ్రేకుల విషయమున, గాలి సంచుల విషయమున పేరులేని సరకు కొనరాదు.

మేము ఆ బండిని అమ్మలేదు. ఇప్పుడు దానికి ప్రత్యేకముగా ఒక బ్యాంకు ఖాతా కలదు. నెలకు ఇరవై ఐదు వేలు అందులో వేయుచున్నాము. వేయలేని నాడు అమ్మివేయుదుమని నిశ్చయించుకొంటిమి. తల్లిగారి చికిత్స చక్కగా జరిగినది. ఇప్పుడామె బండిని వంచు మీట నొక్కనీయదు. తానే ఎక్కి కూర్చుండును. అట్లు ఎక్కగలిగినప్పుడు ఇంత పెద్దబండి నిజముగా అవసరమా యని మాలో మేము అడుగుకొనుచున్నాము. కొనదలచువారు ఆ ప్రశ్నను ముందే అడుగుకొందురు గాక.