దధీచి వెన్నెముక



దధీచి మహర్షి వజ్రాయుధముకొఱకు తన వెన్నెముకనిచ్చిన వృత్తాంతమును మనము ఎన్నిమార్లు వినలేదు! మొన్న ఆ కథనే కొందఱు విశ్వవిద్యాలయ విద్యార్థులకు చెప్పి, అవయవదానముపై మీ అభిప్రాయమేమని అడిగితిమి. మంచిదేయని అందఱును చేతులెత్తిరి. జీవన్‌దాన్ ప్రతిజ్ఞాపత్రము నింపినవారెందఱనగా, ఎత్తిన చేతులు దిగిపోయినవి.

ఒక్క విద్యార్థిని మాత్రము లేచి, "నేను నింపానండీ. ఇంట్లో చెప్పలేదు. కళ్ళు ఇస్తే వచ్చే జన్మలో గుడ్డిదానిగా పుడతానని మా నాన్నమ్మ భయం" అన్నది.

ఆ మాట మమ్ము కలచినది. 1994 నాటి చట్టము ననుసరించి మెదడు మరణమును నలుగురు వైద్యులు ఆఱు గంటల యెడముతో రెండుమార్లు పరీక్షించి నిర్ధారింపవలెను. అంత జరిగినను, పత్రమున బిడ్డ సంతకమున్నను, ఆప్తులు వలదన్నచో వైద్యులు అవయవములను ముట్టరు. కన్నులకైతే వ్యవధి మఱియు స్వల్పము. మరణించిన ఆఱు గంటలలోగా సేకరింపవలెను. ఇంటివారికి తెలియని సంతకము ఆ గడియలో ఏమి చేయగలదు?

ఆ పెద్దమ్మను మేము తప్పుపట్టము. అది మనుమరాలిపై మమకారమే. కాని గీత రెండవ అధ్యాయమున భగవానుడు దేహమును జీర్ణవస్త్రముతో పోల్చెను గదా! చితిలో బూడిదయగు కన్ను మఱుజన్మకు ఎట్లు వెంటవచ్చును?

ఇదే ఇంటికి పోయి చెప్పుమంటిమి. "నా మాట వినదండీ, మీరే చెప్పండి" అన్నది. వచ్చు ఏకాదశికి నాన్నమ్మను వెంటబెట్టుకొని రమ్మంటిమి.