విమానము నడుపుట, నడుప నేర్పుట
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ఉపన్యాసము)



"మా బిడ్డకు పైలటు కావలెనని కోరిక. తెలుగు బడిలో చదివినవారు అందుకు పనికివత్తురా?" అని మనలో కొందరడుగుచున్నారు. పైలటునకు విద్య గరపు గురువును గూర్చి చెప్పినచో ఈ ప్రశ్నకు సమాధానము దానంతట అదియే లభించును.

ఈ విద్య మనకు దూరపుది కాదు. నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఆ రాష్ట్ర రాజధానియందలి బేగంపేటలో 1930 దశాబ్దముననే వైమానిక సంఘము వెలసినది. నేడు మన మహారాష్ట్రమునందే గోందియాలో శిక్షణ సంస్థ కలదు.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున విమానము నేర్చుకొనుచునే ఎందరో యువకులు మరణించిరి. గురువులు ప్రమాదకరమైన స్థితులను శిష్యులకు చూపక తప్పించుచుండిరి. 1917లో ఇంగ్లండునందలి గాస్పోర్టులో రాబర్టు స్మిత్-బారీ యను అధికారి ఈ పద్ధతిని మార్చెను. అపాయమును గురువు చెంతనుండగనే చూపి, దానినుండి బయటపడు విధమును నేర్పవలెననెను. ఇంజను హోరులో మాట వినబడుటకు గొట్టము నమర్చెను.

ఉదాహరణమునకు, వేగము తగ్గి ముక్కు మితిమీరి పైకెత్తినచో రెక్కలు బరువును మోయజాలవు. విమానము క్రుంగును. భయపడిన శిష్యుడు దానిని ఇంకను పైకి లాగును. కాని ముక్కును క్రిందికి దింపుటయే రక్షణ. గురువు ముందు తాను చేసి చూపును, పిమ్మట శిష్యునిచే చేయించును. అతని తప్పును ఎంతవరకు సహింపవలెనో, ఏ క్షణమున తన చేయి వేయవలెనో ఎరిగియుండుటయే శిక్షకుని విద్య.

ఈ పదవికి మెట్లు కలవు. పదునెనిమిదేండ్లు నిండి, వైద్యపరీక్షలోను వ్రాతపరీక్షలలోను నెగ్గి, 200 గంటలు ఎగిరినవారికి వాణిజ్య పైలటు లైసెన్సు లభించును. తరువాత సహాయ శిక్షకులై, పూర్ణ శిక్షకుని పర్యవేక్షణలో నేర్పుచు అనుభవము గడింపవలెను. అటుపిమ్మటనే శిక్షకత్వము.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ చదువునకు లక్షలకు లక్షలు వ్యయమగును. లైసెన్సు వచ్చినంతనే ఉద్యోగము రాదు. కావున పొలము కుదువపెట్టుటకు ముందే ప్రథమశ్రేణి వైద్యపరీక్ష చేయింపుడు. సంస్థలో ఎగురు స్థితిలోనున్న విమానములెన్ని, 200 గంటలు ఎన్ని నెలలలో పూర్తియగును, మధ్యలో మానినచో రుసుము తిరిగి వచ్చునా యని విచారించి, సమాధానములు వ్రాతమూలకముగా గైకొనుడు.

ఇక భాష సంగతి. పరీక్షలు ఇంగ్లీషులో జరుగును. రేడియో సంభాషణకును ఆ భాష అవసరము. మన బడి ఇంగ్లీషును శ్రద్ధతో నేర్పి తీరవలెను. అందు రాజీ కూడదు. కాని అర్థము కాక వల్లించినవాడు ఆకాశమున నిలువజాలడు. తనకు తెలిసినదానిని ఇతరులకు తేటగా చెప్పగల శక్తి మాతృభాషలోనే మొలకెత్తును.

నేటి రాత్రి భోజనానంతరము మీ బిడ్డను పిలిచి, నేడు చదివిన పాఠమును తమ్మునికో చెల్లెలికో తెలుగులో బోధింపుమనుడు. ఎచట తడబడునో అచటనే మరల చదివింపుడు. అది కాసు ఖర్చులేని మొదటి శిక్షణ.

సెలవు.