ముందు వెచ్చదనం, తర్వాతే తిండి



ఈ పూట మీకు పరిచయం చేస్తున్న ప్రాణి బాల్ పైథాన్. కొండచిలువల్లో చిన్నది. ఎదిగాక మూడు నుంచి ఐదడుగులుంటుంది. విషం లేదు. భయమేస్తే కాటుకు రావడం అరుదు, తలను లోపల దాచుకుని ఉండ చుట్టుకుపోతుంది. దీని సొంతగడ్డ పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల్లో ఎలుక బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ పగలంతా పడుకుని, చీకటి పడ్డాక వేటకు బయల్దేరుతుంది. బెనిన్‌లోని విదా పట్టణంలో దీనికి గుడి ఉంది, సరిగ్గా పెద్ద చర్చికి ఎదురుగా. గుడి పాము ఎవరింట్లోకైనా వస్తే ఆ ఇంటివాళ్లు కర్ర తీయరు. మర్యాదగా పట్టుకొచ్చి మళ్లీ గుడిలో దిగవిడుస్తారు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనకు ఆ భక్తి ఇట్టే అర్థమవుతుంది.

ఆ దేశాల నుంచే ఈ పాములు లక్షల్లో అమెరికాకు, ఐరోపాకు ఎగుమతి అయ్యాయి. 1992లో పెంపకందారుల దగ్గర తెలుపు, పసుపు కలిసిన అల్బినో పిల్లలు పుట్టిన తర్వాత రకరకాల రంగుల మీద మోజు పెరిగింది. కొత్త రంగుకు వేల డాలర్లు పలుకుతుంటే మామూలు గోధుమ రంగు పాము చవకైపోయింది. పిల్లాడి పుట్టినరోజుకు అలా ఒకటి కొనేస్తారు. వాడు కాలేజీకి వెళ్లేసరికి అది గ్యారేజీలోకి చేరుతుంది. కొనేటప్పుడు చాలామందికి తెలియని సంగతి దాని ఆయుష్షు. బాగా చూసుకుంటే 30 ఏళ్లు బతుకుతుంది. నేనుండేది అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో. ఇక్కడి జంతుప్రదర్శనశాలకు 1961లో వచ్చిన ఒక ఆడపాము 2020 జులైలో 7 గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు 62 ఏళ్లని అక్కడివాళ్ల అంచనా. మగపాము తోడు లేక 15 ఏళ్లు దాటిన తర్వాత ఆ గుడ్లు పెట్టడం ఇంకో వింత.

కుక్కకు ఆకలేస్తే మూలుగుతుంది, పిల్లి కాళ్లకు అడ్డం పడుతుంది. పాము కష్టం చెప్పుకోలేదు. అంతా ఒంటి మీద చూసి తెలుసుకోవాల్సిందే. మా ఇంట్లో ఉన్న ఆడపామును ఎవరో అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ గాజు పెట్టెతో సహా వదిలేసి వెళ్లారు. సరీసృపాల సంఘం వాళ్లు తెచ్చి, సాకేవాళ్ల కోసం వెతుకుతుంటే మేం తీసుకున్నాం. మా అమ్మాయి గౌరి అని పేరు పెట్టింది. ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్ ఒళ్లు నిండుగా, గుండ్రంగా ఉంటుంది. గౌరికి వెన్నెముక పెంకుటింటి కొప్పులా పైకి తేలి, రెండు పక్కలా చర్మం వాలిపోయి ఉంది. పొట్ట కింద కాలిన మచ్చ ఉంది. అదుపు లేని కరెంటు వేడిరాయి మీద పడుకోబెడితే ఇలాగే అవుతుంది, కింద కాలుతున్నా పాము చాలాసార్లు పక్కకు జరగదు. పాత కుబుసం పేలికలు మెడకూ తోకకూ అతుక్కుని ఎండిపోయాయి. కళ్లు మసకబారి ఉన్నాయి. పాముకు కనురెప్పలుండవు, కంటి మీద గాజులాంటి పొలుసు ఒకటుంటుంది. కుబుసంతో పాటు అదీ ఊడి రావాలి. గాలిలో తేమ లేకపోతే ఊడదు, కొత్త పొర మీద పాతది అలాగే నిలిచిపోతుంది.

అలాంటి ప్రాణిని చూసిన ఎవరికైనా ముందు తోచేది, ఏదైనా తినిపిద్దామనే. ఇంటికొచ్చిన వాళ్లకు మొదట కంచం పెట్టే అలవాటు మనది. పాము విషయంలో మాత్రం తిండి చివరికి రావాలి. దాని ఒంటికి సొంత వేడి లేదు. బయటి వేడి తగిలితేనే తిన్నది అరుగుతుంది. చల్లబడ్డ కడుపులో పడిన ఎలుక లోపలే కుళ్లుతుంది, లేదా పాము కక్కేస్తుంది. బక్కచిక్కిన పాముకు ఆ కక్కడమే ప్రాణం మీదికి రావచ్చు. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా పెద్ద మేత పడితే రక్తంలో లవణాలు తారుమారయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే వెచ్చదనం ముందు. ఆ తర్వాత నీళ్లు, దాక్కోవడానికి చాటు. ఇవి కుదిరాకే తిండి మాట.

పెట్టెలో ఒక చివర 32 డిగ్రీల సెల్సియస్, రెండో చివర 26 డిగ్రీల దాకా ఉండాలి. ఎప్పుడు ఏది కావాలో పామే ఎంచుకుంటుంది. థర్మోస్టాట్ లేకుండా హీటర్ పెట్టకూడదు. తేమ 60 శాతానికి తగ్గకూడదు. రెండు చివర్లా చెరో గూడు కావాలి, అదీ ఒళ్లు గోడలకు ఆనేంత ఇరుకుగా. విశాలంగా ఉంటే సుఖపడుతుందనుకుంటాం కానీ పుట్టలో బతికే ప్రాణికి ఇరుకులోనే ధైర్యం. కింద తెల్లకాగితం పరిస్తే ఒంటి నుంచి రాలే పేలలాంటి పురుగులు కనిపిస్తాయి. నీళ్ల గిన్నెలో నల్ల నలుసులు తేలినా అవే. ఇంట్లో వేరే పాములుంటే మూడు నెలలు వేరే గదిలో పెట్టాలి. ఈ జాతిలో ఊపిరితిత్తులకు సోకే వైరస్ ఒకటి ఉంది. నోటి వెంట బుడగలు వస్తున్నా, తల పైకెత్తి నోరు తెరిచి గాలి పీలుస్తున్నా ఆలస్యం చేయకూడదు. కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూసే డాక్టరు దగ్గరికి కాదు, సరీసృపాలు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

అతుక్కున్న కుబుసాన్ని గీకకూడదు. గోరువెచ్చని నీళ్లలో తడిపిన టవల్ మడతల్లోంచి పామును పాకనిస్తే తనే రాసుకుని వదిలించుకుంటుంది. కంటి పొర జోలికి గోరు గానీ పట్టకారు గానీ అస్సలు పోకూడదు, పొరతో పాటు కన్నే పోవచ్చు. గౌరికి తేమ సరిచేసి ఊరుకున్నాం. తర్వాత విడిచిన కుబుసం ముక్కు నుంచి తోకదాకా ఒక్క ముక్కగా వచ్చింది. దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తే తల దగ్గర రెండు గుండ్రటి పొరలు. ఒక్కొక్కటి మామూలు కంటే మందంగా ఉంది, పాతదీ కొత్తదీ కలిసే ఊడాయి. పెట్టెలోకి చూస్తే కళ్లు నల్లగా, తేటగా ఉన్నాయి.

ఇక మేత. బతికున్న ఎలుకను వేయకూడదు, బలంలేని పామును ఎలుకే కొరికేస్తుంది. ఫ్రీజర్‌లో ఉంచిన చచ్చిన ఎలుకను కరిగించి, వెచ్చచేసి, పొడవాటి పట్టకారుతో అందించాలి. మొదట్లో పాము మింగగలిగినదాని కంటే బాగా చిన్నది పెట్టాలి. దీని పెదవుల మీద వరసగా చిన్న గుంటలుంటాయి, వాటితోనే ఎర ఒంటి వేడిని పసిగడుతుంది. గౌరి చాలాసార్లు ముఖం తిప్పుకుంది. ఒక రాత్రి గూట్లోంచి మూతి మాత్రం బయటపెట్టి, నాలుక నిదానంగా ఆడించి, ఆపేసి, చటుక్కున అందుకుని చుట్టేసింది. మింగాక రెండు రోజులు ముట్టుకోలేదు. తొలి వారాల్లో అసలు చేతుల్లోకే తీసుకోకూడదు. మనం ప్రేమ అనుకునేది దానికి గండం. ఇప్పుడు నా చేతి మీద తొందరపడకుండా పాకుతుంది. నన్ను ప్రేమిస్తోందని చెప్పను. నేనంటే భయం పోయింది, అంతే. నాకదే సంతోషం.

ఇదంతా అమెరికా మాట. భారతదేశంలో మన నాగుపామును గానీ కొండచిలువను గానీ పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా నాగపంచమికి, నాగులచవితికి బుట్టల్లో పాములు వస్తూనే ఉన్నాయి. పాములవాళ్లు వాటి కోరలు పీకేస్తారు, కొన్నిటికి నోరు కుట్టేస్తారు. రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఉంచితే ఆ దాహానికి పాము పాలు తాగుతుంది. ఎలుకలు, కప్పలు తినే ప్రాణికి పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతుంది. హైదరాబాద్‌లో 1995లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ పాముల్ని కాపాడే పని చేస్తోంది. బుట్టలో పాము కనిపిస్తే చిల్లర వేయకండి, అటవీశాఖకు ఫోన్ చేయండి. కోలుకున్న నాగుపాముకు తిరిగి వెళ్లడానికి మన అడవి ఉంది. గౌరిని ఇక్కడ బయట వదిలితే మిస్సోరీ చలికాలం దాటదు, కాబట్టి దానికి మా ఇల్లే దిక్కు.

అమెరికాలో ఉన్న శ్రోతల్లో ఎవరికైనా పాము పెంచాలని ఉంటే దుకాణానికి వెళ్లేముందు మీ దగ్గర్లోని సరీసృపాల సంఘాన్ని అడగండి, వాళ్ల దగ్గర ఇల్లు లేని పాములుంటాయి. మీ నగరం నిబంధనలు, అద్దె ఒప్పందం ముందే చూసుకోండి. పెట్టె సిద్ధం చేసి, వేడి ఒక పగలూ ఒక రాత్రీ నిలకడగా ఉందని చూసుకున్న తర్వాతే పామును ఇంటికి తెచ్చుకోండి.