నడచి చూడవలసిన నగరము
(విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగము)



మన సిరోంచ తాలూకా 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడువరకు చంద్రపూరు జిల్లాలోనిదే. ఆ ఊరిని మన పెద్దలు నేటికిని చాందా యనియే పిలుతురు. కచేరి పనులకు, వైద్యమునకు, చైత్రమాసమున మహాకాళి జాతరకు మనవారు అచ్చటికి పోవుచునే యుందురు. కాని బిడ్డలను వెంటబెట్టుకొని ఆ ఊరి కోటగోడవెంట నడచినవారు మనలో ఎందరు?

చాందా గోండురాజుల రాజధాని. పడమట ఇరై నది, తూర్పున ఝర్పట్ నది పారుచుండగా, నడుమ సుమారు 11 కిలోమీటర్ల చుట్టుకొలతగల రాతిగోడ నిలిచియున్నది. దానికి జట్‌పురా, బింబా, పఠాన్‌పురా, అంచలేశ్వర్ అను నాలుగు ద్వారములును, ఖిడ్కీలనబడు ఐదు చిన్న వాకిళ్లును కలవు. ద్వారములపై ఏనుగును అణచుచున్న సింహము చెక్కబడియున్నది. అది గోండురాజుల చిహ్నము. బండిలో దాటిపోవు బిడ్డకు ఆ సింహము కనబడదు. నడచివచ్చి తలయెత్తిన బిడ్డకే కనబడును.

అయితే నడచినంతమాత్రమున చాలదు. ప్రక్కన చెప్పువారు కావలెను. ఖాండక్యా బల్లాల్ షా వేటకు రాగా ఒక కుందేలు ఆయన కుక్కను తరిమినదనియు, అది పరుగెత్తిన జాడవెంట రాణి సలహాపై గోడ లేచినదనియు ఒక కథ. దీనిని ‘చెప్పుకొందురు’ అని చెప్పవలెను. రాణి హిరాయి తన భర్త బీర్ షాకు సమాధిమందిరము కట్టించినది. దత్తపుత్రుడు బాలుడైయుండగా రాజ్యభారము వహించినది. 1751లో మరాఠాలు ఆ రాజ్యమును కలుపుకొనిరి. 1818లో ఆంగ్లేయసైన్యము కోటను పట్టుకొన్నది. వీనిని ‘జరిగినవి’ అని చెప్పవలెను. ఈ భేదమును కాలినడకన నేర్చిన బిడ్డ పిమ్మట ఏ పుస్తకమునైనను జాగ్రత్తగా చదువును.

ఆ గోడ చాలకాలము ముళ్లపొదలలో మునిగియుండెను. 2017లో ఎకో-ప్రో అను స్థానిక సంస్థకు చెందిన యువకులు నెలలతరబడి శ్రమించి దానిని శుభ్రపరచిరి. పిమ్మట జనులను గోడవెంట నడిపించుచు దాని చరిత్రను చెప్పసాగిరి. నడచినవారు పెరిగినకొలది గోడకు కాపరులు పెరుగుదురు.

చాందాలో ఆ చరిత్రను మరాఠీలో చెప్పుదురు. మన పిల్లలు మరాఠీ నేర్చుట మేలే. కాని తాము పుట్టిన నేల కథను తెలుగులో ఎవ్వరును చెప్పనిచో, తెలుగు వంటయింటి మాటలకే మిగులును. ఈ భాష మాకెందుకను ప్రశ్న ఇప్పటికే కొన్ని ఇండ్లలో వినబడుచున్నది. దానికి మందలింపు సమాధానము కాదు.

కనుక ఈ శీతకాలమున పై తరగతుల పిల్లలను చాందాకు తీసికొనిపోవుదము. దారి దూరము, ఖర్చు కలదు, ఒక రాత్రి బస కావలెను. ఆడపిల్లలను పంపుటకు సంకోచించు తల్లులకు నా విన్నపము: మీరే తోడు రండు.

తిరిగివచ్చిన పిమ్మట మన ప్రాణహిత యొడ్డున మరియొక నడక సాగవలెను. 1860లో ఏర్పడిన ఎగువ గోదావరి జిల్లాకు సిరోంచయే కేంద్రము. నేడు ఎంతో దూరముగా తోచు భద్రాచలము నాడు మనతో ఆ జిల్లాలోనిదే. 1874లో ఆ జిల్లా రద్దయి, భద్రాచలము మద్రాసు రాజధానిలోనికి, మనము చాందా జిల్లాలోనికి పోయితిమి. గోదావరిపై నావల రాకపోకలకై ఆంగ్లేయులు తలపెట్టిన పనులు నడుమనే నిలిచిపోయినవి. కాళేశ్వరమువద్ద ప్రాణహిత గోదావరిలో కలియుట మాత్రము నాటివలెనే నేడును చూడవచ్చును.

ఈ రెండవ నడకలో ముందు నడచి చెప్పువారు మన పిల్లలే కావలెను. మనకు తెలుగులో, పొరుగువారికి మరాఠీలో. మనము వెనుక నడచి విందము. తెలిసినవారు తప్పులు దిద్దుదురు. తెలియనివారము పిల్లలవద్ద నేర్చుకొందము.